మచ్చల సారు మీద నా కుళ్ళు

సారు పోయారన్న కబురు ముందు మా అమ్మకు వచ్చింది, నాకు కాదు. పదేళ్ళు ఒకే ఆఫీసులో ఆయన ఎదురుబల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి నేను. అమ్మ పుంగనూరులో చిల్లర అంగడి నడుపుకునే మనిషి. అయినా కుప్పం నుంచి సారు భార్య ఫోను చేసింది అమ్మకే. నేను మదనపల్లెలో ఆఫీసు మెట్లెక్కుతుండగా అమ్మ నాకు చేసింది. "సారు పోయినాడు రా నాయనా. తెల్లారుజామున నిద్దట్లోనే పోయినాడంట. నువ్వు అంగడి కాడికొచ్చెయ్, కుప్పం పోదాం" అని పెట్టేసింది. మీరు నన్ను ఏమైనా అనుకోండి, ఆ క్షణాన నాకు ఏడుపు రాలేదు. ఆ ఫోను నాకెందుకు చెయ్యలేదన్న మంట వచ్చింది.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. ఆయన గురించి మంచి తప్ప రాయడానికి ఏమీ లేదు. బతికున్నన్నాళ్ళూ నన్ను కాల్చింది అదే. ఆయన మంచి రాస్తూ, పక్కనే నా చెడ్డ కూడా రాసేస్తాను. ఇప్పుడు కూడా దాచుకుంటే ఇంకెప్పుడు చెప్తాను?

ముందు మా పనేమిటో చెప్పాలి. దేశంలో ఏ క్యాన్సర్ ఎక్కడ, ఎంతమందికి, ఏ వయసులో వస్తోందో లెక్క తీసే పథకం ఒకటి తొంభైలలో మా వైపుకు వచ్చింది. మాకు అప్పగించింది లింఫోమా. మెడలో, చంకల్లో, గజ్జల్లో బిళ్ళలు కడతాయి కదా, వాటికి వచ్చే క్యాన్సర్ అది. దేశమంతటి లెక్కలో మాది ఆవగింజంత ముక్క. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, వాటి చుట్టూ ఉన్న పల్లెలు. మదనపల్లెలో ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని ఆఫీసు పెట్టారు. మా పైన ఒక డాక్టరమ్మ. కింద నేను, సారు, అంకెలు పట్టికల్లోకి ఎక్కించే గుమాస్తా.

నేను తిరుపతిలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చేశాను, ఫస్టు క్లాసు. సారు పది పాసు. అంతకుముందు ఇరవై ఏళ్ళు కుష్ఠు నివారణ పనిలో ఊరూరా తిరిగి, ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చలున్నాయేమో వెతికేవారు. అందుకే మా చుట్టుపక్కల ఏ పల్లెలో అడిగినా ఆయన పేరు మచ్చల సారు. అసలు పేరు ఎవరికీ పట్టలేదు, నేనూ ఇక్కడ రాయను.

లెక్క పద్ధతి తేలికే. పైన రోగులు, కింద జనాభా. భాగిస్తే లక్షమందిలో ఇంతమంది అని తేలుతుంది. దాన్ని పక్క జిల్లాతోనూ, దేశంతోనూ పోల్చుకోవచ్చు. జనాభా జనగణన వాళ్ళిస్తారు. రోగులను మేం వెతకాలి. మా వైపు జనం అందరూ ఒకే ఆసుపత్రికి పోరు. కొందరు బెంగుళూరు, కొందరు తిరుపతి, కొందరు తమిళనాడు. ఆ ఆసుపత్రుల రికార్డుల్లోంచి మా ఊళ్ళవాళ్ళను ఏరి, మనిషికొక కార్డు రాసి, ఆ ఊరికి పోయి సరిచూసుకోవాలి. మెడలో గడ్డ అనగానే క్షయ అనుకుని నెలల తరబడి ఆ మాత్రలే మింగినవాళ్ళు, ముక్క తీసి పరీక్ష చేయించుకోకముందే పోయినవాళ్ళు లెక్కలోకే రారు. అందుకే సారు తరచు ఒక మాట అనేవారు: "ఈ జబ్బు లేని ఊరు లేదప్పా. మనం అడగని ఊరుండాది, అంతే."

ఆయన మీద నాకు కుళ్ళు పుట్టింది పెద్దమండ్యం దగ్గరి ఒక పల్లెలో. ఇస్త్రీ ప్యాంటు వేసుకుని, ఫారం పట్టుకుని పోయి, "ఈ ఇంట్లో లింఫోమా పేషెంటు ఉన్నారా?" అని అడిగాను. ఇంటావిడ గడప దాటి రాలేదు. "యా పేషెంటూ లేడు. మా ఇంట్లో ఎవురికీ ఏమీ లేదు. పో, పో" అని తలుపు మూసింది. వారం తర్వాత అదే ఇంటికి సారు పోతుంటే నేనూ వెంటపడ్డాను, ఆ కిటుకేదో చూద్దామని. ఆయన చెప్పులు విడిచి మెట్టు మీద కూర్చున్నారు. ఫారం సంచిలోంచి తియ్యనే లేదు.

"సెనక్కాయ ఎట్లుండాదమ్మా ఈతూరి?"

"యాడి సెనక్కాయ సారూ? వాన పడితే కదా."

అరగంట వాన గురించి మాట్లాడుకున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పుడు ఆయన గొంతు తగ్గించి, "పెద్దాయనకు సంగటి దిగుతాందా?" అని అడిగారు. అంతే. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. లోపలికి పోయి పెట్టెలోంచి బెంగుళూరు ఆసుపత్రి కాయితాలు తెచ్చింది. పెద్దాయన కూడా బయటికి వచ్చి, చొక్కా ఎత్తి చంకలో గడ్డ చూపించాడు. వచ్చేటప్పుడు ఆవిడ సారు తువ్వాల్లో శనక్కాయలు పోసి పంపింది. బస్సులో సారు సగం నాకు పెడితే, "నాకొద్దు" అన్నాను. నాకు శనక్కాయలంటే ప్రాణం.

మర్నాడు డాక్టరమ్మకు చాడీ చెప్పాను. "మేడమ్, సారు ఫారంలో లేనివన్నీ అడిగి టైము పాడు చేస్తున్నారు." ఆమె తలెత్తకుండానే, "నువ్వు పోయొచ్చిన కార్డు ఖాళీ, ఆయన పోయొచ్చింది నిండింది. దీనికేమంటావు?" అంది.  వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను.

ఆయన కార్డుకు ముందువైపు సిరాతో రాసేవారు, వెనకవైపు పెన్సిలుతో. వెనకవైపు ఎవరూ రాయమనలేదు. చీమల్లాంటి అక్షరాలు. 'ఎనుమును అమ్మి బెంగుళూరు పోయినారు.' 'కోడలు గర్భం, తోడు పోయేవాళ్లు లేరు.' రామకుప్పం వైపు కార్డు ఒకదాని వెనక 'ఏనుగులు రాగిచేను తొక్కినాయి' అని ఉంది. నేను గుమాస్తాకు చూపించి నవ్వాను. "ఏనుగులకూ లింఫోమాకూ ఏం సంబంధం సార్?" అన్నాను గట్టిగా.

ఆయన సంగటి ముద్ద ఊరుబిండిలో అద్దుకుంటూ, "చేను తొక్కితే ఆ ఇంట్లో దుడ్డుండదు కదప్పా. దుడ్డు లేకపోతే సూది ఏపించుకొనేకి పోరు. యాల సచ్చిపోయినారని రేపు నువ్వే అడుగుతావు" అన్నారు. కోపం లేదు, ఎగతాళి లేదు. ఒక్కసారి తిట్టి ఉంటే నేనూ తిరిగి తిట్టి సుఖపడేవాణ్ణి.

ఆఫీసులో అయితే ఎలాగో ఓర్చుకునేవాణ్ణి. ఆయన మా ఇంట్లోకీ వచ్చేశారు. నేను చదువుకునే రోజుల్లోనే నాన్న పోయాడు. అంగడీ, నేనూ తప్ప అమ్మకు వేరే ప్రపంచం లేదు. సారు పుంగనూరు మీదుగా పోయినప్పుడల్లా అంగడి దగ్గర దిగేవారు. అమ్మ మజ్జిగ ఇచ్చేది. ఇద్దరూ బియ్యం మూటల పక్కన కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. నాతో అమ్మ మాటలు రెండే: తిన్నావా, పండుకుంటావా. ఆయనతో తన చిన్నప్పటి సంగతులు, నాన్నతో పడ్డ పోట్లాటలు, అన్నీ. నేను పోగానే మాట ఆగిపోయేది.

"ఆ సారును సూసి నేర్సుకోరా, మనిషిని అడగడం ఎట్లనో" అంది ఒకసారి.

"నీ కొడుకు ఎమ్మెస్సీ చేసినాడు మా."

"సేసినావులే. మజ్జిగ తాగినావా అని నన్ను ఒక్కతూరన్నా అడిగినావా?"

అలిగి రెండు రోజులు ఇంట్లో అన్నం మానేసి హోటల్లో తిన్నాను. అంత వయసొచ్చినవాడు చేసే పనేనా అది?

ఆ ఏడాదే అమ్మ మూడు వారాలకొకసారి పుట్టింటికి పోవడం మొదలుపెట్టింది. పుట్టిల్లు రామకుప్పం పక్క పల్లె. అమ్మమ్మకు బాగలేదని చెప్పింది. పోయినప్పుడల్లా నాలుగు రోజులు అంగడి మూత. "ఇట్లయితే వాడికెలోళ్ళు పక్కంగడికి పోతారు" అని విసుక్కునేవాణ్ణి. ఒకసారి గుండుతో దిగింది. "కొండకు పోయొచ్చినా రా. నీ పెండ్లి కుదరల్లని తలనీలాలు మొక్కుకొని ఉంటి" అంది. వీధిలో అందరికీ లడ్డు ప్రసాదం పంచింది. నా కోసం అంత చేసిందని నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ తర్వాత నెలలు గడిచాయి. కొంగు తల చుట్టూ, మెడ చుట్టూ కప్పుకునే ఉండేది. ఇన్నాళ్ళయినా వెంట్రుక ఎందుకు మొలవడం లేదని నాకు తోచలేదు. క్యాన్సర్ మందుకు జుట్టు ఊడుతుందని ఎవరైనా అడిగితే నేను ఇంగ్లీషులో రెండు పేజీలు రాసివ్వగలను.

సరిగ్గా అప్పుడే నా జీవితంలో మొదటి గొప్ప నాకు దొరికింది. ఏ దేశపు పట్టిక చూసినా లింఫోమా ఆడవాళ్ళలోకంటే మగవాళ్ళలో ఎక్కువ. మా పట్టికలో కుప్పం వైపు అది తిరగబడింది. ఆడవాళ్ళే ఎక్కువ, అదీ చాలా ఎక్కువ. పుంగనూరు వైపు ఆడవాళ్ళు దాదాపు లేరు. నేను ఎగిరి గంతేశాను. కూరగాయల తోటల్లో పురుగుమందా? క్వారీల దుమ్మా? రేయింబవళ్ళు కూర్చుని రిపోర్టు రాశాను. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను గుమాస్తా ఎక్కించిన అంకెలే చూశాను. కార్డులు చదవలేదు. కార్డులు చదవడం పది పాసైనవాళ్ళ పని అనుకున్నాను.

సారు రిపోర్టు చదివి, కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుని, "ఇది తప్పప్పా" అన్నారు.

"ఏది తప్పు? భాగహారమా?"

"భాగహారం కాదు. ఈ ఆడోళ్లు ఈడోళ్లు కారు. ఆడబిడ్డకు పెద్ద జబ్బొస్తే మనపక్క పుట్టింటోళ్లు తీసకపోతారు. అత్తగారి ఊర్లో తెలిస్తే నామర్దా అని ఆసుపత్రిలో పుట్టింటి అడ్రసే రాపిస్తారు. కుష్టు కాలం నుంచీ సూస్తాండా నేను. కాపురం పుంగనూర్లో, పలమనేర్లో. పేరు మాత్రం కుప్పం లెక్కలో పడతాది."

గుమాస్తా ముందరే అన్నారు ఆ మాట. నా మొహం మాడిపోయింది. ఆయన కుప్పం వైపు ఆడవాళ్ళ కార్డులన్నీ తీసి, దారంతో కట్టి, నా బల్ల మీద పెట్టారు. "నువ్వే పో. ఒక్కొక్క ఇంటికీ నువ్వే పోవల్ల. గుమాస్తాను పంపొద్దు. నేనూ పోను."

నాకు అనుమానమొచ్చింది. ఎండైనా వానైనా ఊళ్ళు తిరిగే మనిషి ఈసారి నేను పోనంటాడేమిటి? నాకు తట్టిన సమాధానం ఒక్కటే: నా పేరు పైకి పోతోందని ఈయన ఓర్వలేకపోతున్నాడు. కుళ్ళుమోతు ముసలోడు అనుకున్నాను. ఎవరి కుళ్ళు ఎవరికి అంటగట్టానో చూడండి.

కట్టను సొరుగులో పడేశాను. రెండు నెలలు అక్కడే ఉంది. నాలుగు రోజులకొకసారి ఆయన, "పోయినావా అప్పా?" అని అడిగేవారు. "పోతాను సార్" అనేవాణ్ణి. రెండు మూడుసార్లు నేను లేనప్పుడు ఆయనే సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టారు. నేను మళ్ళీ లోపలికి తోశాను. ఒకరోజు చేతులు జోడించి, "నీకు దండం పెడతా. కనీసం ఇప్పి సూడు" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను ఇదంతా నాటకమనుకుని బయటికి పోయి టీ తాగాను.

చివరికి డాక్టరమ్మ నా రిపోర్టు తిప్పి పంపింది. "ఇంటింటికీ పోయి సరిచూడకుండా పైకి పంపను" అంది. అదీ ఆయన చేయించిందే అనుకుని, పళ్ళు కొరుకుతూ కట్ట సంచిలో వేసుకుని కుప్పం బస్సెక్కాను.

మొదటి ఇల్లు. ఒక ముసలాయన పశువులకు మేత వేస్తున్నాడు. కార్డులో పేరు చెప్పి అడిగితే, "మా పాప ఈడుండదప్పా. పలమనేర్లో ఇచ్చినాం. సూది ఏపించే దినానికి ఈడికొస్తాది, మల్లా పోతాది" అన్నాడు. రెండో ఇల్లు, అదే మాట. మూడో ఇంట్లో ఆడమనిషి నన్ను పక్కకు పిలిచి, "ఆయమ్మ అత్తగారోళ్లకు సెప్పొద్దు సామీ" అని బతిమాలింది. మచ్చల సారే గెలిచారు. నా పట్టికలో కుప్పం దగ్గర కొండలా లేచిన అంకె కళ్ళ ముందరే కరిగిపోతోంది. అన్నం కూడా తినకుండా రామకుప్పం బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని తర్వాతి కార్డు తీశాను.

అమ్మ పేరు మా వైపు వీధికి ఇద్దరికి ఉంటుంది. పేరు చూసి నాకేమీ అనిపించలేదు. ఊరు చూశాను. తండ్రి పేరు చూశాను. అది మా తాత పేరు. కార్డు వెనక్కి తిప్పాను. చీమల్లాంటి అక్షరాలు, పెన్సిలుతో: 'కాపురం పుంగనూరు. నాలుగు సూదులేసినారు. గడ్డ కరిగిందని ఆపేసింది. కొడుకు పెండ్లి అయ్యేదాకా ఇంక పోనంటాది. కొడుక్కి తెలీదు.'

ఇప్పుడు రాయబోయేది రాయడానికి సిగ్గుగా ఉంది. ముందు నాకు భయం వేయలేదు. అమ్మ ఆయనకు చెప్పింది, నాకు చెప్పలేదు. అది ముందు వచ్చింది.  భయం ఆ తర్వాత వచ్చింది. 

పక్క పల్లెలోనే ఉన్న అమ్మ పుట్టింటికి పోయి మామను నిలదీస్తే దాచకుండా చెప్పేశాడు. దవడ కింద గడ్డను మొదట కనిపెట్టింది సారేనట. ఎండాకాలంలో మెడకు కొంగు చుట్టుకుని కూర్చున్నావేమ్మా అని అడిగారట. ఆయనే మామను వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇంట్లో ఇట్లాంటి జబ్బుందంటే నాకు పిల్లనివ్వరని అమ్మ భయం. అందుకే పుట్టింటి అడ్రసు. జుట్టు ఊడడం మొదలవగానే కొండకు పోయి, మిగిలింది దేవుడికిచ్చి వచ్చింది. సారుతో నా మీద ఒట్టు వేయించుకుంది. "మీరు సెప్తే నా బిడ్డకే తగుల్తాది" అందట.

సాయంత్రానికి పుంగనూరు చేరాను. అమ్మ ఎవరికో సెనగపప్పు తూస్తోంది. వాళ్ళు పోయేదాకా ఆగాను. కార్డు తక్కెడ పక్కన పెట్టాను. చదువు రాకపోయినా ఏ కార్డో ఆమెకు తెలిసిపోయింది.

"కొడుకును నేనుండగా, ఊరోడికి యాల సెప్పినావు మా?" అని అరిచాను. ఆఫీసు భాష ఎటో పోయింది.

అమ్మ చేతులకంటిన పప్పుపొట్టు దులుపుకుంది. "నేను సెప్పలేదు రా," అంది నెమ్మదిగా. "ఆయన అడిగినాడు."



మర్నాడు ఆఫీసులో సారు మీద పడ్డాను. "నాకు చెప్పొచ్చు కదా! మనిషేనా మీరు?" అని డాక్టరమ్మ వినేలా అరిచాను. ఆయన కూర్చోమన్నారు. "నేను దేవుణ్ణీ గీవుణ్ణీ నమ్మనప్పా. కానీ నీ మీద ఏపించుకుంది ఒట్టు. నీ తల మీద పందెం కట్టేంత దైర్యం నాకు లేదు. నోటితో సెప్పలేక కట్ట నీ బల్ల మీద పెట్టినా" అన్నారు. 'రెండు నెలలు' అని ఆయన అనలేదు. అనాల్సిన మాట అది. ఆ రోజూ అనలేదు, ఆ తర్వాత పదేళ్ళలో ఎప్పుడూ అనలేదు.

ఆ రెండు నెలల్లో గడ్డ తిరిగి వచ్చింది, ఈసారి మెడకు రెండు పక్కలా. మొదటిసారికంటే ఎక్కువ సూదులు, ఆపైన కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్, దాంతో నోరంతా పుళ్ళు. నీళ్ళు మింగడానికి కూడా ఏడ్చేది. ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా ప్రతి ప్రయాణానికీ ఒక పక్క నేను, ఒక పక్క సారు. వాంతి వచ్చినప్పుడు అమ్మ చెయ్యి చాచింది మాత్రం ఆయన వైపే. నేను గిన్నె పట్టుకుని ఆ చేతిని చూస్తూ నిలబడేవాణ్ణి. మా అమ్మ బతకాలని నేను మొక్కిన మొక్కుల్లో, ఈయన సెలవు పెట్టి ఊరికి పోవాలన్నది కూడా ఒకటుంది. దేవుడు మొదటిది విన్నాడు, రెండోది వినలేదు.

లెక్క సరిచేశాం. ఆడవాళ్ళను కాపురమున్న ఊళ్ళకు మార్చేసరికి కుప్పంలో కొండ పోయింది, పుంగనూరులో గుంట పూడింది. మా ముక్క దేశం పట్టికలో మిగతావాటి పక్కన ఒద్దికగా కూర్చుంది. పెళ్ళయిన ఆడవాళ్ళను కాపురం ఎక్కడని విడిగా అడగాలని కార్డులో ఒక గడి చేర్చాం. పైవాళ్ళు మెచ్చుకుని ఉత్తరం రాశారు. ఆ రిపోర్టు మీద పేరు నాది ఒక్కటే. ఆ లోపాన్ని కనిపెట్టింది సారని అందులో ఒక్క ముక్క లేదు. రాయడానికి చోటు లేక కాదు, చెయ్యి రాక. ఆయన ఉత్తరం చదివి, "బాగా రాసినావప్పా" అన్నారు. ఈ నాలుగు పేజీలు రాస్తున్నది ఆ ఒక్క ముక్క కోసమే. కనిపెట్టింది ఆయన. చదువుతున్నవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

జబ్బు నెమ్మదించాక ఆసుపత్రివాళ్ళు మూడు నెలలకొకసారి మెడ తడిమి చూసుకోమన్నారు. అమ్మ కుప్పం పోయి సారుతో తడిమించుకునేది. ఆయన రిటైరయ్యాక కూడా మానలేదు. "మదనపల్లెలో ఇంతమంది డాక్టర్లుండారు, కుప్పం దాకా బస్సు ఛార్జీలు దండగ" అనేవాణ్ణి. "సారు సూస్తే సాలు" అనేది. వచ్చాక నాలుగు రోజులు పాటలు పాడుకుంటూ పని చేసేది. నా పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. అయినా ఆ మూడు నెలలకొకసారి నాకు ఒళ్ళు మండేది.

మొన్న కుప్పంలో ఆయన వాకిట్లో జనం పట్టలేదు. వేళ్ళు పోయిన చేతులతో కొందరు, మెడ మీద కోత మచ్చలతో కొందరు. ఎవరిని చూసినా ఈయన మావాడు అన్నట్టు ఏడుస్తున్నారు. ఒక మూల నిలబడి వాళ్ళందరి మీదా కుళ్ళుకున్నాను. ఇందరిలో నాకు మిగిలిన వాటా ఎంత అనిపించింది. అప్పుడు వచ్చింది ఏడుపు. గోడకానుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాను. అమ్మ వచ్చి నా వీపు నిమిరింది.

పుంగనూరుకు వచ్చేసరికి పొద్దు వాలింది. అమ్మ తలస్నానం చేసి, తడి జుట్టు ఆరబోసుకుని పెరట్లో పీట మీద కూర్చుంది. నేనూ స్నానం చేసి వచ్చాను. ఇలా రమ్మంది.

"ఈ నెలలో సూపించుకోవాల్సి ఉణ్ణింది," అంది. "ఇంక నువ్వే సూడల్ల."

కొంగు పక్కకు తీసి తల వంచింది. పదేళ్ళు ఎదురుచూసిన మాట అది. వెనక మోకాళ్ళ మీద కూర్చుని చెవి కింద వేళ్ళు పెట్టాను. అమ్మ ఉలిక్కిపడింది.

"సేతులు సల్లగుండాయి రా. రుద్దుకో. సారు రుద్దుకొనే పెట్టేవాడు."

చేతులు రుద్దుకున్నాను. దవడ కింద నుంచి భుజం ఎముక దాకా మెల్లగా తడిమాను. చర్మం, నరం, ఏదో గట్టిగా, ఏదో మెత్తగా. ఏది ఎముకో, ఏది బిళ్ళో! ఇన్నేళ్ళలో ఎన్ని మెడలు పట్టికలకెక్కించానో. ఒక్కదాన్ని ముట్టుకుని ఎరగను.

"ఏమన్నా ఉండాదా?"

"నాకు తెలీడం లేదు మా."

"తెలీకుంటే మల్లా సూడు. నాకేం పనుండాది," అని అమ్మ కళ్ళు మూసుకుని, మెడ రెండో పక్కకు తిప్పింది.